సాఫ్ట్ స్టాప్ టైమ్ పెట్టినా మోటార్‌కి ఒక్కసారే పవర్ పోతోంది, స్టార్టర్ పాడైనట్టేనా?

శ్రీకాకుళం దగ్గర నాగావళి మీద లిఫ్ట్ పంపు, 75 హెచ్‌పీ మోటార్, పాత స్టార్ డెల్టా స్టార్టర్ తీసేసి సాఫ్ట్ స్టార్టర్ (మోటార్‌కి వోల్టేజ్‌ని మెల్లగా పెంచి, మెల్లగా తగ్గించే యూనిట్) వేయించారు, స్టాప్ టైమ్ 12 సెకన్లు పెట్టినా బటన్ నొక్కగానే ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) ధన్‌మని కొట్టుకుని పైపంతా అదిరిపోతోంది, యూనిట్ మార్చాలా అని కదా మీరు అడిగింది. ఇప్పుడే మార్చకండి. మెయిన్ ఆఫ్ చేసి, ప్యానెల్ తెరిచి, స్టాప్ బటన్ వైరు ఎక్కడికి పోతోందో చూడండి.

నేను విజయనగరం, బొబ్బిలి వైపు ప్యానెళ్ల పని చేస్తాను. పాత ప్యానెల్‌లోనే కొత్త స్టార్టర్ బిగించిన చోట ఎక్కువగా కనిపించేది ఇదే: స్టాప్ బటన్ ఇంకా మెయిన్ కాంటాక్టర్ (కాయిల్‌కి కరెంట్ ఇస్తే మెయిన్ సప్లైని కలిపే స్విచ్) కాయిల్ లైన్‌లోనే ఉంటుంది. స్టార్ డెల్టాకి అది సరిపోయింది. ఇక్కడ మాత్రం నొక్కగానే కాంటాక్టర్ పడిపోయి స్టార్టర్‌కి వచ్చే 415 వోల్టులే పోతాయి, ఇక థైరిస్టర్లు (స్టార్టర్ లోపల వోల్టేజ్‌ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) మెల్లగా తగ్గించడానికి ఏం మిగిలింది?

స్టాప్ బటన్ ఎన్‌సీ కాంటాక్ట్‌ని (మామూలుగా మూసి ఉండి, నొక్కితే తెరుచుకునేది) స్టార్టర్ స్టాప్ టెర్మినల్‌కి మాత్రమే ఇవ్వండి. కాంటాక్టర్ కాయిల్‌ని స్టార్టర్ రన్ రిలే ద్వారా నడపండి. ఆ రిలే స్టార్ట్ ఇవ్వగానే పట్టుకుని, స్టాప్ ర్యాంప్ (వోల్టేజ్ మెల్లగా తగ్గడం) పూర్తయ్యాకే వదులుతుంది. పొరపాటున దాని బదులు స్టార్ట్ ర్యాంప్ పూర్తయ్యాక పనిచేసే బైపాస్ రిలేకి (థైరిస్టర్లను తప్పించి కరెంట్‌ని నేరుగా పంపే బైపాస్‌ని నడిపేది) కలిపితే మోటార్ అసలు స్టార్టే అవ్వదు, కాబట్టి మాన్యువల్‌లో టెర్మినల్ నంబర్లు చూసుకోండి. కంట్రోల్ సప్లై కూడా మెయిన్ కాంటాక్టర్‌కి ముందు నుంచే తీసుకోవాలి.

ఎమర్జెన్సీ స్టాప్ సంగతి వేరు. అది కాయిల్ లైన్‌లోనే ఉండాలి, నొక్కితే పైపు అదిరినా సరే పవర్ పోవాల్సిందే. ఇంకో మాట, స్టార్టర్ ఆగి ఉందంటే మోటార్ టెర్మినళ్లలో కరెంట్ లేదని కాదు. థైరిస్టర్ లీకేజీ ఉంటుంది, ఒకటి షార్ట్ అయితే చెప్పక్కర్లేదు. చెయ్యి పెట్టే ముందు బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వేయండి.

ఫ్లోట్ స్విచ్‌తో రెండు వైర్ల కంట్రోల్ (ఒకే స్విచ్, అది మూసి ఉన్నంతసేపు మోటార్ నడుస్తుంది) పెడదామని ఎవరైనా చెబితే ఆలోచించుకోండి. మన వైపు కరెంట్ ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చిన మరుక్షణం మోటార్ దానంతటదే తిరిగితే అప్పుడు కప్లింగ్ దగ్గర కూర్చున్న మనిషి గతేంటి? మూడు వైర్లే (స్టార్ట్, స్టాప్ బటన్లు వేరువేరుగా) మంచిది. ఫ్లోట్ కావాలంటే దాన్ని స్టాప్ లైన్‌లో సిరీస్‌గా వేస్తే నీళ్లు తగ్గినప్పుడు ఆగుతుంది, మళ్లీ మనిషే నొక్కాలి.

వైరింగ్ మార్చాక కూడా కొంచెం కొట్టుకుంటే 12ని 20 దాకా పెంచి చూడండి. పంపుల్లో వోల్టేజ్ తగ్గుతున్నా కొంతసేపు స్పీడ్ పెద్దగా పడదు, తర్వాత ఒక్కసారే కూలిపోతుంది. మీ మోడల్‌లో పంప్ స్టాప్ లేదా టార్క్ కంట్రోల్ ఉంటే అదే వాడండి. అలాగని టైమ్ ఊరికే పెంచుకుంటూ పోవద్దు. ఆగేటప్పుడు బైపాస్ వదిలేసి కరెంట్ మళ్లీ థైరిస్టర్ల మీదుగానే పోతుంది, అంటే ప్రతి సాఫ్ట్ స్టాప్‌తోనూ వేడి పెరుగుతుంది. రైస్ మిల్లు, బ్లోయర్ లాంటి వాటికి నేనైతే సాఫ్ట్ స్టాప్ పెట్టను, దానంతటదే ఆగనిస్తాను. తొందరగా ఆపాలంటే డీసీ బ్రేక్ (మోటార్‌కి డీసీ కరెంట్ ఇచ్చి ఆపడం) ఉంది గానీ అది మోటార్‌ని బాగా వేడెక్కిస్తుంది, మీ పంపుకి దాంతో పనిలేదు.

పాత ప్యానెల్ అన్నారు కాబట్టి పవర్ ఫ్యాక్టర్ కోసం పెట్టే కెపాసిటర్ కూడా చూడండి. మోటార్ టెర్మినళ్ల మీదే ఉంటే, అంటే స్టార్టర్ అవుట్‌పుట్ వైపు ఉంటే, మళ్లీ స్టార్ట్ చేసే ముందే పీకేయండి, లేకపోతే థైరిస్టర్లు పోతాయి. సప్లై వైపు వేరే కాంటాక్టర్‌తో పెట్టి, బైపాస్ పట్టుకున్నాకే అది ఆన్ అయ్యేలా చేయించండి.