సూట్‌కేసులో ముక్కు చుక్కలు

న్యూజెర్సీకి తిరుగు ప్రయాణం ఇంకా నాలుగు రోజులుందనగా మల్కాజిగిరిలోని మా ఇంటికి ఎదురింటి పిన్నిగారు సంచీతో వచ్చారు. ఆవకాయ, నల్లకారం పొట్లాలు, వాటి అడుగున ఆరు ఆట్రివిన్ సీసాలు. "అమ్మాయికి ఐదో నెల. ముక్కు మూసుకుపోయి రాత్రంతా కూర్చునే ఉంటోందట. అక్కడ డాక్టరు చీటీ లేనిదే ఏ మందూ ఇవ్వరు కదా" అన్నారు. ఆవకాయ పెట్టెలో సర్దాను, సీసాలు తిరిగిచ్చాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

కొత్తగా వచ్చే పిల్లల పెట్టెల్లో ఈ సీసాలు నేను చాలా చూశాను. నిజానికి మోసుకురావలసిన పనే లేదు. ఆట్రివిన్‌లో ఉండేది జైలోమెటాజోలిన్. అమెరికాలో అఫ్రిన్ పేరుతో దొరికే ఆక్సీమెటాజోలిన్ దాని దగ్గరి చుట్టమే, మన నాసివియన్‌లో ఉన్నదీ అదే. చీటీ లేకుండానే అమ్ముతారు. అలా అమ్ముతారు కాబట్టే గర్భిణులు డాక్టరును అడగకుండా కొనేస్తారు.

చిక్కు ఎక్కడంటే, గర్భిణికి ముక్కు మూసుకుపోవడం ప్రతిసారీ జలుబు కాదు. హార్మోన్ల వల్ల, పెరిగిన రక్తప్రసరణ వల్ల ముక్కు లోపలి పొర ఉబ్బుతుంది. అది వారాల తరబడి ఉండి, సాధారణంగా కాన్పు తర్వాత రెండు వారాల్లో తగ్గుతుంది. ఈ స్ప్రే మాత్రం మూడు రోజుల మందు. రక్తనాళాలను బిగించి నిమిషాల్లో ఊపిరి ఆడిస్తుంది. రోజులు మించితే, ప్రభావం దిగగానే పొర ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతుంది. మళ్లీ కొట్టాలి. మొదటి కాన్పుకు ముందు నేను మూడు వారాలు అదే పని చేశాను, సీసా దిండు కింద లేకపోతే భయమేసేది. ఫోనులో నర్సు ఎన్ని చుక్కలని కాదు, ఎన్ని రోజులని అడిగింది. ముందు ఒక ముక్కు రంధ్రంలో మానిపించి, తర్వాత రెండోదానిలో మానిపించింది.

ముందు ఉప్పునీటి స్ప్రే వాడండి, అది ఎన్నాళ్లయినా ఫరవాలేదు. ముక్కు కడుక్కుంటే మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు వద్దు. తలవైపు ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. అయినా తగ్గకపోతే డాక్టరు బుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ స్ప్రే రాయవచ్చు. ఆ పేరు విని బెదిరిపోకండి, గర్భిణులకు దాన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. రక్తపోటు ఉంటే ముక్కు తెరిపించే మందు ఏదైనా అడగకుండా ముట్టుకోవద్దు. ముక్కు తెరిపించే సూడోఎఫెడ్రిన్ మాత్రలను అమెరికాలో గుర్తింపు కార్డు చూసి, సంతకం పెట్టించుకుని ఇస్తారు. మొదటి మూడు నెలల్లో వాటి జోలికి పోకండి. బ్రిటన్‌లోనైతే గర్భిణులకు ఈ స్ప్రేలు, మాత్రలు డాక్టరు చెబితే తప్ప వద్దంటారు.

ఆ సాయంత్రం పిన్నిగారి అమ్మాయికి ఫోన్ చేశాను. "ఇప్పటికే ఏమైనా వాడుతున్నావా?" అంటే కాసేపు మాట లేదు.

"వచ్చేటప్పుడు రెండు తెచ్చుకున్నాను అక్కా. పదిహేను రోజులైంది. అమ్మకు చెప్పకండి."