గట్టు తగాదా చేపలు

ప్రశ్న: మాది గుణుపురం. మా 3 అడుగుల అక్వేరియంలో రెండు గోల్డ్‌ఫిష్‌లు ఉండేవి. అద్దాలకి పాచి పడుతోందంటే షాపతను పసుపు ఒంటి మీద నల్లచారలున్న ఆఫ్రికా సిక్లిడ్‌లు అయిదు ఇచ్చాడు. ‘పాచంతా ఇవే తినేస్తాయి’ అన్నాడు. పది రోజులకే గోల్డ్‌ఫిష్‌ల తోకలు పీలికలయ్యాయి, ఒకటి పోయింది. ఇప్పుడు వాటిలో అవే కొట్టుకుంటున్నాయి. ఒకటి నల్లబడింది. ఇంకొకటి గొంతు కింద ఉబ్బి, మేత ముట్టడం లేదు. పాచి మాత్రం అలాగే ఉంది. ఎండుపురుగులు మూడు పూటలా వేస్తున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: షాపతను అబద్ధమాడలేదమ్మా, సగం చెప్పాడంతే. మీరు చెప్పిన గుర్తులకి అవి ఆరాటస్‌లు. మలావీ సరస్సులో రాళ్ల మధ్య బతికే జాతి. రాతి మీద పాచే వాటికి పంట. అందుకే మగది ఒక రాయి పట్టుకుందంటే చుట్టుపక్కలకి ఎవర్నీ రానివ్వదు. పొలం గట్టు తగాదాలు చూసిన ఊళ్లవాళ్లం, మనకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ముందు మిగిలిన గోల్డ్‌ఫిష్‌ని ఈరోజే వేరు చెయ్యండి. నల్లబడినది మగది. పసుపువన్నీ ఆడవే అనుకోకండి. బరంపురంలో నేను మొదటిసారి పెంచినప్పుడు అలాగే మోసపోయాను. ఓ తెల్లారి చూస్తే ఒక ‘ఆడది’ ఫిల్టరు పైపు వెనక నిలువుగా నక్కి ఉంది, తోకలో పుల్లలే మిగిలాయి. తీరా అదీ మగదే! పెద్దదాని భయానికి పసుపు రంగు వదల్లేదు.

వీలైతే 4 అడుగుల తొట్టె కొనండి. ఒక మగదానికి నాలుగైదు ఆడవి ఉండాలి, దెబ్బలన్నీ ఒకదానికే పడకుండా. రాళ్లు పైదాకా పేర్చండి, కానీ ఇసుక పొయ్యకముందే, అడుగు అద్దం మీద ఆనేలా. ఇవి ఇసుక తవ్వేస్తాయి, రాయి దొర్లిందంటే అద్దం పగులుతుంది. మగది మరీ మితిమీరితే రాళ్లన్నీ మార్చి పేర్చండి. గట్లు చెరిగిపోతాయి, కొన్నాళ్లు గొడవ తగ్గుతుంది.

మలావీ నీళ్లు గట్టివి, అంటే సున్నం లాంటి ఖనిజాలు ఉన్నవి. పీహెచ్ (నీటి పులుపు, క్షారం కొలత) 8 చుట్టూ ఉంటుంది. మీ నీళ్లు మెత్తనివైతే గవ్వలు పనికొస్తాయి. నేను గోపాల్‌పూర్ ఒడ్డున ఏరుకొచ్చినవి బాగా కడిగి, వలసంచిలో కట్టి ఫిల్టరులో పెడతాను.

ఎండుపురుగులు మానెయ్యండి. మాంసం మేత ఎక్కువైతే వీటికి పొట్ట ఉబ్బి, తెల్లటి దారంలా రెట్ట పడుతుంది, ఆ రోగం వస్తే చాలావరకు బతకవు. స్పిరులినా అనే నాచు గుళికలు, వేడినీళ్లలో ముంచి తీసిన పాలకూర చాలు. అద్దం మీద పాచికి స్పాంజే దిక్కు. లైటు కూడా రోజుకి 8 గంటలు మించకండి, ఎక్కువైతే పాచి పెరుగుతూనే ఉంటుంది.

ఇక గొంతు ఉబ్బినదానికి రోగం లేదు. పొట్ట కాదు, గొంతు అన్నారు చూడండి, నోట్లో గుడ్లు పెట్టుకుని పొదుగుతూ ఉంటుంది. మూడు వారాల దాకా దాదాపు పస్తే. వల వేసి పట్టబోకండి, బెదిరితే ఉమ్మేస్తుంది. దాని వైపు రెండు రాళ్లు అడ్డం పెట్టి, ఆ నల్లదాని కంట పడకుండా చూడండి.