తొడుగులు వేసుకుని సంచి కొను

బరంపురం

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి సరంజామా సంచి కొంటానని నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. మూడూ చూడ్డానికి బావున్నాయి, ఒక్కటీ వద్దు. కోప్పడకు. కెనడాలో, విన్నిపెగ్‌లో పద్దెనిమిది శీతాకాలాలు గడిపినవాణ్ణి. అందులో సగం ఆదివారాలు గడ్డకట్టిన సరస్సు మీద బకెట్టు బోర్లించుకుని, ఐసులో తొలిచిన కన్నంలోకి గాలం వదిలి చూస్తూ కూర్చున్నవాణ్ణి. ఇప్పుడిక్కడ ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ రాస్తున్నా, ఆ చలి మాత్రం వేళ్లకింకా గుర్తుంది.

నువ్వు జేబులు లెక్కపెట్టి ఎంచావు. ఒకదానికి పదకొండట! ఏది ఎందులో పెట్టావో వెతుక్కోడానికి పదకొండుసార్లు చేతి తొడుగు విప్పుతావేటి? సున్నాకి పాతిక డిగ్రీల కింద, పైన గాలి కూడా ఉంటే, చూస్తుండగానే వేళ్లు కొయ్యబారిపోతాయి. అందుకని షాపుకెళ్లేటప్పుడు నీ మందపాటి తొడుగులు పట్టుకెళ్లు. అవి వేసుకుని, సంచి వంక చూడకుండా, ప్రతి జిప్పూ తెరిచి మూసి చూడు. తొడుగుతో తెరుచుకోని జేబు ఉన్నా లేనట్టే. షాపువాడు నవ్వితే నవ్వనీ.

జిప్పుకి లావుపాటి ప్లాస్టిక్ పళ్లుండాలి. సన్న పళ్ల జిప్పులో తడి చేరి గడ్డకట్టిందా, తాళం వేసి చెవి పారేసుకున్నట్టే. వెల్క్రో పట్టీలూ అంతే, మంచు పొడి కూరుకుంటే ఇక అతుక్కోవు. జిప్పు లాగే ముక్క చిన్నదిగా ఉంటే దానికి ఏదో ఒక గుడ్డ కట్టుకోవాలి. నేనేం చేశానో తెలుసా? మీ అత్తయ్య పాత బరంపురం పట్టుచీర చిరిగిపోతే, దాని ఎర్రంచు వేలెడు వేలెడు ముక్కలు కోసి ప్రతి జిప్పుకీ ముడేశాను. తెల్లటి మంచులో ఎర్రగా కనిపించేవి, పిడికిట్లో ఇమిడేవి. పక్కనున్న తెల్లాయన అదేదో పూజ అనుకున్నాడు. నేనూ కాదనలేదు.

ఇక బట్ట సంగతి. నా మొదటి సంచి నిగనిగలాడే రెక్సిన్‌ది, సగం ధరకి వస్తోందని ఎగబడి కొన్నాను. ఎక్కడ కొన్నానో ఇప్పుడెందుకులే. జనవరిలో గిమ్లీ అనే ఊరి దగ్గర సరస్సు మీదికి దాన్ని తీసుకెళ్లాను. కారులోంచి దించిన పావుగంటకే అప్పడంలా బిగుసుకుపోయింది. భుజాన వేసుకుందామని వంచితే మూల దగ్గర టప్పున పగిలింది. పట్టీ బకిలు కూడా విరిగింది. కొక్కేల డబ్బా ఐసు మీద జర్రున జారి, ఎవరో తొలిచి వదిలేసిన కన్నంలోకి తిన్నగా దిగిపోయింది, దానికి దారెవరో చూపించినట్టు. కాబట్టి రెక్సిన్ వద్దు. నైలాన్ గానీ దళసరి పాలియెస్టర్ గానీ తీసుకో, చలికి మెత్తదనం పోనిది. అడుగు మాత్రం నీరు దిగనిదై ఉండాలి. ఎంత గడ్డకట్టినా, కన్నం చుట్టూ ఎప్పుడూ నీళ్లూ మంచూ కలిసిన బురద ఉంటుంది.

పొడవు దగ్గర అందరూ మోసపోతారు. మంచు మీద వాడే గాలం కర్రలు మనవాటిలా ఆరేడు అడుగులుండవు, సాధారణంగా 24 నుంచి 36 అంగుళాలే. సంచి మీద రాసే కొలత బయటిది. లోపలి కొలత నువ్వే టేపు పెట్టి చూసుకో, నీ పొడుగు కర్ర కంటే రెండంగుళాలు ఎక్కువుండాలి. రీలు విప్పకుండా కర్ర లోపల పట్టాలి. అంత చలిలో రీలు బిగించుకుంటూ ఎవడు కూర్చుంటాడు? విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రంలో మంచు మీద మనిషికి రెండు గాలాలే కాబట్టి ఆరు కర్రల సంచి నీకెందుకు? కొక్కేలకి వెనక ముల్లు ఉండకూడదన్నది కూడా అక్కడి రూలే. సంచి బట్టకి తగులుకున్నా చిరగకుండా ఊడొస్తాయి, అదో లాభం.

చేపల్ని చూపించే సోనార్ పెట్టె కొంటావని నాకు తెలుసు, ఇవాళ కాకపోతే రేపు. దాని బ్యాటరీ చాలా వాటిల్లో మన కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండేదే, 12 ఓల్టులది, రెండు కిలోల పైమాటే. దాన్ని సంచిలో కర్రల పక్కన పడేస్తే నడిచినంతసేపూ వాటిని కుమ్ముతుంది. దానికి మెత్త వేసిన వేరే గది ఉండాలి. లిథియం రకమైతే తేలిక, కానీ గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టకూడదు.

సంచిలో పెట్టకూడనివి కూడా విను. మంచు తొలిచే బర్మా వద్దు, బ్లేడుకి తొడుగేసి జారుడు బండి మీద కట్టు. ఐసు విరిగి నీళ్లలో పడితే పాకి పైకి రావడానికి రెండు మేకుల పిడులు అమ్ముతారు. అవి మెడలో వేలాడాలి. సంచి పైన ఉండిపోయి నువ్వు నీళ్లలో ఉంటే వాటివల్ల ఉపయోగమేటి? ఫోనూ అంతే, లోపలి చొక్కా జేబులో, ఒంటి వేడికి.

చిన్నప్పుడు గోపాల్‌పూర్ ఒడ్డున మన తెలుగు జాలర్లని, అదే ఒడియావాళ్లు నొళియాలంటారే, వాళ్లని గంటలకొద్దీ చూసేవాణ్ణి. ఒకాయన తంగూసు, అంటే గాలం దారం, వెదురు ముక్కకి చుట్టి, కొక్కెం బెండుకి గుచ్చి, మొత్తం సరంజామా తువ్వాల్లో మూటకట్టి నడుముకి బిగించేవాడు. చీకట్లో కూడా ఏది కావాలంటే అది తడుముకోకుండా తీసేవాడు. పదకొండు జేబుల ఫొటో చూడగానే ఆయనే గుర్తొచ్చాడు.

ఇంటికొచ్చాక సంచిని హాల్లోకి తేకు. వెచ్చటి గదిలో చెమ్మ పట్టి, మర్నాడు బయటికి తీయగానే కర్ర మీద దారం దూరే కళ్లల్లో ఐసు కడుతుంది. బ్యాటరీ ఒక్కటీ లోపలికి తెచ్చుకుని మిగతాదంతా హీటరు లేని గ్యారేజీలో జిప్పులు తీసి వదిలెయ్. కన్నంలో ఐసు ముక్కలు తోడే చిల్లుల గరిటె మాత్రం విదిలించి వేరేగా పెట్టు, తడంతా దానిదే.

నాలుగు ఎర్రంచు ముక్కలు ఈ కవర్లో పెట్టాను. ఈసారి చీర పాతది కాదు. అత్తయ్యతో మాట్లాడినప్పుడు ఆ ఊసెత్తకు.

మీ మావయ్య