మిల్లు లెక్కలు ఏఐ చేసేస్తే, బీకాం చదివే బిడ్డ ఏం చేయాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తాను. మా పాప నల్లగొండలో బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం. లెక్కల పనులన్నీ ఇక ఏఐ చేసేస్తుందట; డిగ్రీ మానేసి హైదరాబాద్‌లో ఏఐ కోర్సులో చేరతానంటోంది. ఫీజు 70 వేలు. 5 వేలు అడ్వాన్సు కట్టాను. మా మిల్లులో రంగు చూసి చెడ్డ గింజలు వేరుచేసే కలర్ సార్టర్ యంత్రం వచ్చాక బియ్యం ఏరే ఆడవాళ్లకు పని పోయింది. అది చూస్తే పాప భయం నిజమేననిపిస్తోంది సార్. ఏం చేయమంటారు?

జవాబు: డిగ్రీ మాన్పించకండి. అలాగని పాప భయం ఉత్తదేం కాదు. బిల్లు చూసి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం ఒక్కటే వచ్చినవాళ్లకు ముందుంది గడ్డుకాలమే. బిల్లు ఫొటో తీస్తే పార్టీ పేరు, బరువు, మొత్తం చదివి ఎంట్రీ వేసే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. నలుగురు కూర్చున్న చోట ఒకరు మిగులుతారు. ఆ ఒక్కరికి ఏం తెలిసి ఉండాలన్నదే అసలు ప్రశ్న.

మీ మిల్లునే తీసుకోండి. ప్రభుత్వ వడ్లను మర ఆడించి బియ్యంగా తిరిగిచ్చే సీఎంఆర్ కింద క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు అప్పజెప్పాలి. చేతిరాత చిట్టీలోని 67ను సాఫ్ట్‌వేర్ 61 అని చదివిందనుకోండి. ఎంట్రీ పడిపోతుంది, కూడికలూ కుదురుతాయి. మిల్లు సంగతి తెలిసినవాళ్లకే అది కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. ఇంకొకటి. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 2022 జూలై 18 నుంచి జీఎస్టీ పడింది, అదీ 25 కిలోల సంచి వరకే. 26 కిలోల సంచులు ఎందుకొచ్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ పాపకు తెలుసేమో అడిగి చూడండి. 70 వేలు కట్టినా ఆ కోర్సులో ఈ సంగతులు చెప్పరు. సెలవుల్లో మీ పక్కన కూర్చోబెట్టుకుంటే మీరే చెప్పగలరు.

ట్యాలీ సరే, ఎక్సెల్ గట్టిగా రావాలి. జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే, అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా అయిన 2బీ స్టేట్‌మెంట్‌ను కొనుగోళ్ల రిజిస్టర్‌తో సరిచూడటం నేర్చుకోవాలి. అమ్మినవాడు తన రిటర్నులో బిల్లు చూపించకపోతే మనకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకు తగ్గింపు, రాదు కదా. ఏ బిల్లు తప్పిపోయిందో ఏఐ చిటికెలో చూపిస్తుంది. ఆ వ్యాపారికి ఫోన్ చేసి, బతిమాలో గదమాయించో దాన్ని రిటర్నులో ఎక్కించేలా చేయడం మాత్రం మనిషి పనే. నన్నడిగితే ఆఫీసుల్లో మార్కుల కంటే ఆ నోటికే గిరాకీ ఎక్కువ.

చాట్‌జీపీటీ లాంటివి పాపను రోజూ వాడనివ్వండి. ఫార్ములాలు రాయించుకోవడానికి, ఇంగ్లిష్ మెయిల్ దిద్దించుకోవడానికి బాగా పనికొస్తాయి. పార్టీల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు మాత్రం అందులో పెట్టొద్దని గట్టిగా చెప్పండి. ఏఐ పాఠాలే కావాలంటే ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదికలైన స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లలో ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పినవి ఉచితంగా వినొచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకుంటేనే ఫీజు. డిగ్రీ చేతిలో ఉంటే తొలి మెట్టైన ఫౌండేషన్ లేకుండా నేరుగా సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) ఇంటర్‌లో చేరే వీలూ ఉంది.

ఇక అడ్వాన్సు సంగతి. రసీదు వెనక షరతులు చదివి, డబ్బు వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇస్తే మంచిదే. ఇవ్వకపోయినా, పోయిన 5 వేల కోసం మిగతా 65 వేలు కట్టకండి.