డేటా అడిగే ముందు ప్రశ్న తేల్చుకో

అమ్మాయీ,

నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను ముందే అంచనా వేసే మోడల్ మీద పరిశోధన మొదలుపెడుతున్నానని, ఒక సర్వీస్ ప్రొవైడర్ ప్యాకెట్ల (నెట్‌వర్క్‌లో ప్రయాణించే డేటా ముక్కల) రికార్డులన్నీ ఇస్తామంటున్నారని రాశావు. అంత డేటా దొరుకుతోందని నీకు సంబరంగా ఉంది. నాకు మాత్రం కంగారుగా ఉంది. తీసుకునే ముందు నా మాట కాస్త విను.

నువ్వు అంచనా వేయాల్సిందేమిటో ముందు ఒక్క వాక్యంలో రాసుకో. రాబోయే గంటలో ఫలానా లింకు మీద ఎంత లోడ్ పడుతుందన్నదే ప్రశ్న అయితే, రూటర్ కౌంటర్ల నుంచి అయిదేసి నిమిషాలకు తీసే బైట్ల లెక్క చాలు. ఎవరు ఎవరితో మాట్లాడారో, ఏ సైటు చూశారో నీకెందుకు? ఈ రంగంలో చాలామంది వాడే అబిలీన్ (అమెరికా విశ్వవిద్యాలయాలను కలిపిన నెట్‌వర్క్) డేటా 2004 నాటిది. 12 నోడ్ల (నెట్‌వర్క్ కూడళ్ల) మధ్య అయిదు నిమిషాలకోసారి ఎంత ట్రాఫిక్ నడిచిందో చెప్పే మాత్రికలే అందులో ఉంటాయి. 2005 నాటి జియాంట్ (యూరప్ పరిశోధన సంస్థల నెట్‌వర్క్) డేటాలోనూ అంతే, అక్కడ 15 నిమిషాలకోసారి. తొలి ప్రయోగాలు వీటి మీదే చెయ్యి.

ఐపీ అడ్రసులను హ్యాష్ చేసి, అంటే గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చి ఇస్తారు కాబట్టి ఫర్వాలేదన్నావు. అది నమ్మకు. ఐపీవీ4 అడ్రసులన్నీ కలిపితే సుమారు 430 కోట్లు. రహస్య కీ లేకుండా చేసిన హ్యాష్ అయితే, ఆ మొత్తానికీ పట్టిక కట్టి వెనక్కి లాగడం మామూలు కంప్యూటర్‌కు కూడా సాధ్యమే. కీ కలిపినా మనిషి అలవాట్లు రికార్డులో మిగిలే ఉంటాయి. 2013లో ద మోంజోయ్ అనే పరిశోధకుడి బృందం 15 లక్షల మంది మొబైల్ రికార్డులు పరిశీలించింది. ఏ గంటలో ఏ టవర్ దగ్గర ఉన్నారో చెప్పే నాలుగు ఆనవాళ్లు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి వేరు చేయవచ్చని తేలింది. అందులో పేర్లేమీ లేవు. ఎన్‌క్రిప్షన్ ఉందిగా అంటావేమో. ప్యాకెట్ల సైజులనూ అవి వెళ్లిన సమయాలనూ అది దాచదు.

ఫెడరేటెడ్ లెర్నింగ్ (డేటాను ఒకచోట పోగు చేయకుండా, ఉన్నచోటే మోడల్‌కు శిక్షణ ఇచ్చే పద్ధతి) వాడితే డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది, నిజమే. కానీ బయటికి పంపే గ్రేడియంట్ల (మోడల్‌ను ఎలా సవరించాలో చెప్పే అంకెల) నుంచే శిక్షణ డేటాను తిరిగి రాబట్టవచ్చని 2019లోనే చూపించారు. కాబట్టి దానికి డిఫరెన్షియల్ ప్రైవసీ జోడించాలి, అంటే ఏ ఒక్కరి డేటా బయటపడకుండా లెక్కప్రకారం నాయిస్ (యాదృచ్ఛిక మార్పులు) కలపాలి. ఇక్కడే చాలా పేపర్లు తేలిపోతాయి. ఎప్సిలాన్ (రక్షణ ఎంత గట్టిదో చెప్పే అంకె) ఇంత అని రాస్తారు, అది దేనికి రక్షణో రాయరు. ఒక ఫ్లోకా (రెండు కంప్యూటర్ల మధ్య ఒక సంభాషణకా), ఒక మనిషి ఒక రోజు వాడకానికా, ఆ మనిషి మొత్తం చరిత్రకా? అది చెప్పకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. వేలమంది ట్రాఫిక్ కలిసే లింకులో నాయిస్ కలిపినా అంచనా పెద్దగా చెడదు. అర్ధరాత్రి ఇద్దరు ముగ్గురే ఉన్న చిన్న సెల్‌లో (ఒక మొబైల్ టవర్ పరిధిలో) మాత్రం సిగ్నల్ మొత్తం మునిగిపోతుంది. దాన్ని లోపమనుకోకు. అక్కడ గ్రాఫులో కనిపించేది లోడ్ కాదు, మనుషులు. అలాంటి సెల్స్‌ను పక్కవాటితో కలిపెయ్యి.

మోడల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. పోయిన వారం ఇదే సమయానికి ఎంత ఉందో అంతే ఉంటుందనే అంచనాతో మొదట పోల్చు. దాన్ని గట్టిగా ఓడించలేని ఎల్‌ఎస్‌టీఎం (వరుస డేటాను నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్) వల్ల ఉపయోగం లేదు. డేటాను ర్యాండమ్‌గా విడదీయకు, భవిష్యత్తు శిక్షణలోకి జారిపోతుంది. సున్నాకు దగ్గరి విలువలున్న చోట శాతాల్లో లోపం కొలవకు.

ఈ పోలికే ప్రైవసీకీ పనికొస్తుంది. లింకు స్థాయి లెక్కలతో లోపం ఎంతుందో చూడు. తర్వాత ఒక్క మెట్టు సూక్ష్మంగా వెళ్లి, ఎంత తగ్గిందో చూడు. ఆ తగ్గుదల వల్ల ఆపరేటర్ తీసుకునే నిర్ణయం మారకపోతే అక్కడే ఆగు. ఈ పట్టికను పేపర్‌లో పెట్టు. నా దృష్టిలో నీ పరిశోధనలో అన్నిటికన్నా విలువైన భాగం అదే అవుతుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి డేటా చేతికి రాకముందే తీసుకో. ఎవరెవరు చూస్తారు, ఎక్కడ ఉంచుతారు, ఏ తేదీకి చెరిపేస్తారు అన్నవి ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. బ్యాకప్‌లు కూడా అందులోకి వస్తాయని మరిచిపోకు. ప్రొవైడర్‌కు పంపే జవాబు చిత్తుప్రతి రాయగానే నాకు పంపు, చూసి సరిచేస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు