మైలో, స్పాండిలో, వెర్టిబ్రో: నాకు ఎలా పట్టుబడ్డాయంటే

మెడికల్ కోడింగ్ (జబ్బుల పేర్లకి కోడ్ నంబర్లు వేసే పని) నేర్చుకుంటున్నాననీ, వెన్నెముక దగ్గరికొచ్చేసరికి జబ్బుల పేర్లలో వచ్చే మైలో, స్పాండిలో, వెర్టిబ్రో అనే ముక్కలన్నీ కలగాపులగం అయిపోతున్నాయనీ అడిగారు. నేను కోడింగ్‌కి రాకముందు హైదరాబాద్‌లో మూడేళ్లు ట్రాన్స్‌క్రిప్షన్, అంటే డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే పని, చేశాను. ఇవి నాకు వంటబట్టింది ఒక తప్పు వల్లే.

ఒక నైట్ షిఫ్టులో డాక్టరు గారు ‘సర్వైకల్ మైలోపతి’ అన్నారు. నేను ‘మయోపతి’ అని కొట్టేశాను. మా ఎడిటర్ మేడం, ఆ కిందే నేను టైపు చేసిన వాక్యం చూపించారు. పేషెంటు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడు, నడిస్తే తూలుతున్నాడు. “మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోతే ఇలా ఉంటుందమ్మా, నువ్వు కండరాల జబ్బు రాశావు” అన్నారు. మయో అంటే కండరం. మైలో అంటే మూలుగ.

మరి మూలుగకీ వెన్నుపాముకీ ఏం సంబంధం? తెలుగులో రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి కాబట్టి మనకిది వింతగా ఉంటుంది. గ్రీకులో ఎముక లోపలి మెత్తటి పదార్థం మైలోస్. పూసల మధ్య గొట్టంలో ఉండే వెన్నుపాముకీ అదే మాట వాడారు. అందుకే ఆస్టియోమైలైటిస్ (ఎముక ఇన్ఫెక్షన్), మైలోమా (ఒక రకం క్యాన్సర్) ఎముక మూలుగ వైపు. పోలియోమైలైటిస్ (పోలియో), మైలోగ్రామ్ (మందు ఎక్కించి తీసే వెన్ను ఎక్స్‌రే) వెన్నుపాము వైపు. మైలో కనబడితే పక్క మాట, రోగి లక్షణాలు చూడకుండా కోడ్ వేయకండి.

స్పాండిలో, వెర్టిబ్రో రెండూ వెన్నుపూసే. మొదటిది గ్రీకు, రెండోది తిరగడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చింది. జబ్బుల పేర్లలో ఎక్కువగా కనబడేది స్పాండిలో. స్పాండిలోసిస్ అంటే అరుగుదల, ఐసీడీ-10 అనే జబ్బుల కోడ్ల జాబితాలో ఎం47. స్పాండిలైటిస్ అంటే వాపు. స్పాండిలోలైసిస్ పూసలో చీలిక, ఎం43.0. స్పాండిలోలిస్థెసిస్‌లో పూసే జారుతుంది, ఎం43.1, ఒలిస్థెసిస్ అంటేనే జారడం. ఇళ్లల్లో డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల) పక్కకొచ్చినా ‘పూస జారింది’ అనేస్తారు. కోడింగ్‌లో అది వేరే. నడుము డిస్క్ అయితే ఎం51కి వెళ్లాలి.

నాకు బాగా ఇష్టమైనది మాత్రం కాక్సిక్స్, అదే తోక ఎముక. గ్రీకులో అది కోకిల జాతి పిట్ట పేరు, ఎముక దాని ముక్కులా ఉందని పెట్టారు. పక్కనుంచి గీసిన బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని చూడండి, ముక్కు కనబడుతుంది.