కామన్వెల్త్ గేమ్స్‌కి బుల్లి దీవులు కూడా జట్లను ఎందుకు పంపుతాయి? పతకం రానప్పుడు ఖర్చు దండగ కాదా?

పతకం రాదని ముందే అనేసుకోకండి. నేను బ్రిస్బేన్‌లో ఉంటాను. 2018 ఏప్రిల్‌లో ఇక్కడికి దగ్గర్లోని గోల్డ్ కోస్ట్‌లో కామన్వెల్త్ గేమ్స్ జరిగినప్పుడు మావాళ్లంతా బ్యాడ్మింటన్ టికెట్ల వెంటపడ్డారు. నేను అక్కడి బ్రాడ్‌బీచ్‌కి వెళ్లి, గడ్డి మీద బంతులు దొర్లించే లాన్ బౌల్స్ ఆట చూశాను. నార్ఫోక్ ఐలాండ్ అనే జట్టు ఉందని నాకు తెలిసింది అక్కడే.

ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి 1,400 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ సముద్రం మధ్యలో ఉన్న దీవి అది. 2016 లెక్కల ప్రకారం జనాభా 1,748. ఆ కొద్దిమందిలోంచి వచ్చిన ర్యాన్ డిక్సన్, హేడెన్ ఎవాన్స్, ఫిల్ జోన్స్ ముగ్గురూ కలిసి పురుషుల ట్రిపుల్స్‌లో కెనడాను ఓడించి కాంస్యం గెలిచారు. అంతకుముందు ఆ దీవికి పతకం వచ్చింది 1994లో. అదీ బౌల్స్‌లోనే, కార్మెన్ ఆండర్సన్ తెచ్చారు.

బౌల్స్‌లోనే ఎందుకంటే, ఆ ఆటకి పెద్ద స్టేడియం, కోచ్‌ల పటాలం అక్కర్లేదు. చదునైన గడ్డి చాలు. జాక్ అనే చిన్న బంతికి వీలైనంత దగ్గరగా మన బంతిని దొర్లించాలి. ఆ బంతి తిన్నగా పోదు, ఒక పక్కకి ఒంపు తిరుగుతుంది. చిన్నప్పుడు గోళీలాడినవాళ్లకి ఆ గురి ఎంత కష్టమో ఇట్టే తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప రాదు. కానీ ఆ సాధన చిన్న ఊళ్లోనూ చేయొచ్చు.

జెండా సంగతి కూడా ఉంది. నార్ఫోక్ ఆస్ట్రేలియా పాలనలోని ప్రాంతం. అక్కడి శాసనసభను 2015లో రద్దు చేశారు. ఒలింపిక్స్‌లో వాళ్లకి వేరే జట్టు లేదు. పైన్ చెట్టు ఉన్న తమ జెండాతో ఆడే అవకాశం కామన్వెల్త్ గేమ్స్‌లో ఉంది. దాన్ని దండగ అనడానికి నాకు మనసొప్పదు.

ఇది ఒక్క నార్ఫోక్ కథే కాదు. కుక్ ఐలాండ్స్, సోలమన్ ఐలాండ్స్, వనువాటు అనే పసిఫిక్ దీవులు కూడా తమ మొదటి కామన్వెల్త్ పతకాలు గోల్డ్ కోస్ట్‌లోనే అందుకున్నాయి. మన స్టూవర్ట్‌పురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 85 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో స్వర్ణం గెలిచింది కూడా ఆ గేమ్స్‌లోనే. రెండో స్థానంలో నిలిచిన డాన్ ఒపెలోగే దేశం సమోవా. అక్కడి జనాభా రెండు లక్షలు!

ఖర్చు తగ్గించాలని 2026 గ్లాస్గో గేమ్స్‌ని పది క్రీడలకి కుదించారు. అయినా బౌల్స్‌ని తీసేయలేదు. వీలైతే చూడండి.